విశాఖ హార్బర్‌ని ఇంకులో వేసేటప్పుడు నలుపు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఉండేది నల్లగొండ. ఆర్కే బీచ్ నుంచి, కైలాసగిరి నుంచి ఫోన్లో తీసుకొచ్చిన ఫొటోలు చూసి ఏ2 కార్ట్రిడ్జ్ (డ్రాయింగ్ కాగితం) షీటు మీద విశాఖ హార్బర్ స్కైలైన్, అంటే ఆకాశం ముందు కనిపించే ఊరి వరుస, వేశారు. మొత్తం 05 పెన్నుతోనే (0.45 మి.మీ. గీత పడేది) గీశారు. కొండ, ఊరు, ఓడలు ఒకే ముద్దలా కలిసిపోయాయి. క్రేన్లు నిచ్చెనల్లా వచ్చాయి. చివర్లో ఇండియన్ ఇంకు పలచన చేసి వాష్ (బ్రష్‌తో పూసే పలచటి పొర) వేస్తే పలుకులు పలుకులుగా తేలింది. హాల్లో పెట్టుకునేలా మళ్లీ వేయాలంటే ఏం మార్చాలి?

వాష్ సంగతి చిన్నది, ముందు అది తేల్చేద్దాం. వాటర్‌ప్రూఫ్ ఇండియన్ ఇంకులో సన్నటి మసి పొడిని పట్టి ఉంచేది ఎక్కువగా లక్క. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు తగిలితే ఆ లక్క పాలు విరిగినట్టు విరిగి, మసి గుంపులు గుంపులుగా పేరుకుంటుంది. మన దగ్గర నీళ్లతో ఏ చిక్కొచ్చినా ఫ్లోరైడ్ మీదికే తోసేస్తాం గానీ, ఇక్కడ తప్పు నీటి కఠినత్వానిది. సబ్బు నురగ రాని నీళ్లు, బకెట్ అంచున తెల్లటి పొర కట్టే నీళ్లు ఇంకులో కలపొద్దు. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా తెచ్చుకోండి, 1 లీటరు చాలా బొమ్మలకు వస్తుంది. అది దొరక్కపోతే ఆర్వో నీళ్లతో పని నడుస్తుంది. బ్రష్ కడగడానికి మాత్రం బోరు నీళ్లు సరిపోతాయి, చివరిసారి డిస్టిల్డ్‌లో ముంచి తీయండి.

కలిపే పాళ్లు: లేత పొరకు 20 చుక్కల నీళ్లకు 1 చుక్క ఇంకు, మధ్య పొరకు 8కి 1, ముదురుకు 3కి 1. మూడు చిన్న గిన్నెల్లో ముందే కలిపి పెట్టుకుని, బొమ్మ వేసే రకం కాగితం ముక్క మీదే పరీక్షించండి. ఆరాక రంగు కొంత తేలుతుంది కాబట్టి తడిగా ఉన్నప్పుడు చూసి నిర్ణయించొద్దు. బ్రష్‌లో ఈ ఇంకు ఒక్కసారి ఎండితే ఆ బ్రష్ పోయినట్టే. ఫౌంటెన్ పెన్నులోనూ పోయకండి, లక్క గట్టిపడి లోపలి దారి మూసుకుపోతుంది.

ఇక అసలు విషయం. మీ బొమ్మ ముద్దగా రావడానికి చెయ్యి సరిగ్గా తిరగకపోవడం కారణం కాదు. నలుపు ఎక్కడ ఉండాలో గీత మొదలుపెట్టే ముందు తేల్చుకోలేదు. నీటిరంగుల్లో తుడిచి తేల్చుకోవచ్చు, పెన్సిల్లో చెరుపుకోవచ్చు. ఇంకులో తెలుపు అంటే మీరు ముట్టుకోని కాగితం మాత్రమే. స్కైలైన్లో ఇది ఇంకా కష్టం, ఎందుకంటే అన్నీ ఒకే అడ్డ గీత మీద వరుసగా నిలబడతాయి: కొండ, దాని ముందు క్రేన్లు, వాటి ముందు ఓడ, పక్కన మేడలు. వాటిని విడదీయగలిగేది నలుపు, తెలుపుల తేడా ఒక్కటే.

కాబట్టి పెద్ద షీటు ముట్టుకోకముందు 9 సెం.మీ. పొడవు, 3 సెం.మీ. ఎత్తు ఉన్న చిన్న పెట్టెలు నాలుగు గీసి, వాటిలో బొమ్మను నాలుగే ఛాయల్లో వేయండి: కాగితం తెలుపు, లేత బూడిద, ముదురు బూడిద, నిండు నలుపు. కిటికీలు, తాళ్లు, మనుషులు ఏవీ వద్దు. ఒక్కో పెట్టెలో వెలుగు మార్చి చూడండి. చేయి చాపి పట్టుకున్నప్పుడు ఏది కొండో ఏది ఓడో ఠక్కున తెలిసిందంటే ఆ పథకం పనికొస్తుంది. తెలియకపోతే ఏ2 మీద ఎన్ని గంటలు హ్యాచింగ్ (పక్కపక్కనే గీతలు పెట్టి నీడ నింపడం) చేసినా తెలియదు. నా లెక్కలో ఈ రకం బొమ్మలో నిండు నలుపు మొత్తం విస్తీర్ణంలో పదో వంతు దాటకూడదు. అది కూడా ఒకటి రెండు చోట్లే గుమిగూడాలి, అంతటా చల్లినట్టు ఉండకూడదు.

వెలుగు ఎటునుంచో కూడా ఇక్కడే తేలాలి. ఆర్కే బీచ్ రోడ్డు మీద నిలబడి హార్బర్ వైపు చూస్తే సముద్రం మీ ఎడమ చేతి వైపు, ఊరు కుడి వైపు. డాల్ఫిన్ నోస్ కొండ కుడి నుంచి వచ్చి ఎడమకు, సముద్రంలోకి ముక్కు చాపుతుంది. మీ ఫొటోలో అది ఎడమ నుంచి కుడికి చాపి ఉంటే ఎక్కడో బొమ్మ అద్దంలోలా తిరగబడిందన్నమాట, ముందు అది సరిచేయండి. పొద్దున ఎండ సముద్రం వైపు నుంచి పడుతుంది, కొండ రాతి ముఖం, మేడల సముద్రం వైపు గోడలు తెల్లగా ఉంటాయి. సాయంత్రం సూర్యుడు ఊరి వెనక కొండల వైపు దిగుతాడు, అప్పుడు డాల్ఫిన్ నోస్, దాని ముందున్న క్రేన్లు ఎదురు వెలుగులో నల్లటి ఆకారాలవుతాయి. ఇంకుకు సాయంత్రమే సుఖం. పొద్దుటి ఫొటోనుంచి కొండ, సాయంత్రం ఫొటోనుంచి క్రేన్లు తీసుకుంటే మాత్రం బొమ్మ ఎందుకు తేడాగా ఉందో చూసేవాళ్లకు తెలియదు గానీ, తేడాగా ఉందని తెలుస్తుంది.

అలాగే బీచ్ ఫొటోని, కైలాసగిరి ఫొటోని ఒకే బొమ్మలో కలపకండి. మీరు కలిపారని అనుమానం. క్షితిజ రేఖ ఎప్పుడూ చూసేవాడి కంటి ఎత్తులోనే ఉంటుంది. బీచ్ రోడ్డు మీద మీ కన్ను నీటికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంది కాబట్టి, దూరంగా లంగరేసిన ఓడ నీటిని తాకే గీత, క్షితిజ రేఖ దాదాపు ఒకటైపోతాయి. ఓడ మొత్తం ఆ రేఖకు పైన నిలబడుతుంది. కైలాసగిరి మీదినుంచి అయితే క్షితిజం పైకి లేస్తుంది. ఓడలు, తీరం, రోడ్డు, మేడలు అన్నీ దాని కింద పరుచుకుంటాయి, దూరపు ఓడ దగ్గరి ఓడకంటే పైన కనిపిస్తుంది. పై నుంచి చూసిన తీరరేఖ మీద కింది నుంచి చూసిన ఓడను పెడితే అది గాల్లో తేలినట్టే ఉంటుంది. ఎత్తుకూ దూరానికీ లెక్క కావాలంటే: కంటి ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే క్షితిజం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో సుమారుగా వస్తుంది. 4 మీటర్ల ఎత్తుకు 7 కి.మీ., 100 మీటర్ల ఎత్తుకు సుమారు 36 కి.మీ.

ఫోన్ ఫొటోలతో ఇంకో చిక్కుంది. మామూలు 1ఎక్స్ లెన్స్ వెడల్పుగా చూస్తుంది, దూరపు కొండను చిన్నది చేసి, ముందున్న ఇసుకను, రోడ్డును పెద్దది చేస్తుంది. స్కైలైన్‌కు 2ఎక్స్ లేదా 3ఎక్స్‌లో పక్కపక్కనే తీసిన మూడు నాలుగు ఫొటోలు మేలు. పనోరమా మోడ్ వాడితే తీరరేఖ విల్లులా వంగుతుంది, దాన్ని నమ్మి గీస్తే సముద్రమే వంగుతుంది. ఫొటోను ఏ4లో ప్రింటు తీయించి, 2 సెం.మీ. గళ్లు గీసుకోండి. ఏ2 షీటు ఏ4కు పొడవులోనూ వెడల్పులోనూ సరిగ్గా రెండింతలు కాబట్టి షీటు మీద 4 సెం.మీ. గళ్లు వేస్తే చాలు. అయితే షీటంతా బొమ్మతో నింపకండి. 594 మి.మీ. పొడవులో స్కైలైన్ ఆక్రమించే ఎత్తు 120 నుంచి 150 మి.మీ. చాలు, మిగతాది ఆకాశానికీ నీటికీ వదిలేయండి. ఆకాశంలో ఏమీ గీయొద్దు. మేఘాలకు హ్యాచింగ్ చేసి చెడగొట్టుకున్న బొమ్మలే ఎక్కువ. ఆ వీ ఆకారం కొంగలు కూడా దయచేసి వద్దు.

పెన్సిల్ గీతలకు హెచ్‌బీ, అదీ ఒత్తకుండా. 2హెచ్ గట్టిగా ఒత్తితే కాగితంలో గాడి పడుతుంది, ఇంకు ఆ గాడిలోకి పాకుతుంది. వాష్ వేసే ఉద్దేశం ఉంటే పల్చటి కార్ట్రిడ్జ్ వదిలేయండి, ఉబ్బి అలలు తేలుతుంది. 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల) మందపాటి కాగితం, నున్నటి హాట్ ప్రెస్ రకం తీసుకోండి. గరుకు కాగితం మీద సన్న నిబ్బు పోగుల్లో ఇరుక్కుని ఇంకు చిమ్ముతుంది. పెన్ను గీత చుట్టూ వెంట్రుకల్లా పాకుతుంటే కాగితం పాతబడి దాని మీది పూత పోయిందని అర్థం, ఆ షీటును చిత్తు పనికి వాడుకోండి.

పెన్నులు: పిగ్మా మైక్రాన్ రకంలో 005 గీత మందం 0.20 మి.మీ., 01ది 0.25, 03ది 0.35, 05ది 0.45, 08ది 0.50. మీకు కావాల్సినవి 005, 01, 03, 08, ఒక చిన్న బ్రష్. అన్నిటికీ 05 వాడటం కూడా మీ మొదటి ముద్దకు ఒక కారణం. దూరంగా ఉన్నదానికి సన్నగీత, దగ్గరిదానికి లావుగీత. డాల్ఫిన్ నోస్, ఆ పై లైట్‌హౌస్ మొత్తం 005తో. క్రేన్లు, దూరపు మేడలు 01తో. దగ్గరి ఓడ, పడవలు, బీచ్ రోడ్డు దీపస్తంభాలు 03తో. 08, బ్రష్ ముందు వరుసలోని నీడలకే. ముంచి రాసే నిబ్బు వాడేవాళ్లకు ఒత్తిడితోనే ఈ తేడాలన్నీ వస్తాయి. కొత్త నిబ్బు మీద తుప్పు పట్టకుండా నూనె పొర ఉంటుంది, స్పిరిట్‌తో తుడవకపోతే ఇంకు పట్టక బొట్లు బొట్లుగా జారుతుంది.

మన ఏప్రిల్, మే ఎండల్లో ఫ్యాన్ కింద కూర్చుంటే నిబ్బు మీద ఇంకు క్షణాల్లో ఎండుతుంది. గాలి నేరుగా కాగితం మీదికి రాకుండా చూసుకోండి, నాలుగైదు నిమిషాలకోసారి నిబ్బు నీళ్లలో ముంచి పాత నూలు గుడ్డతో తుడవండి. చెయ్యి కింద ఎప్పుడూ ఒక తెల్ల కాగితం ఉండాలి. చెమట తగిలిన చోట కాగితానికి జిడ్డు పట్టి వాష్ నిలవదు, ఆ మచ్చ వాష్ వేసేదాకా కనిపించదు.

గీసేటప్పుడు వెనకనుంచి ముందుకు రండి. ముందు కొండ. ఇక్కడ నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు వాళ్ల చేతికి ఒక అలవాటు ఉంటుంది. కాపురాల గుట్ట, లతీఫ్ సాహెబ్ గుట్ట చూస్తూ పెరిగిన చెయ్యి కొండ అనగానే గుండ్రటి బండరాళ్లు పేర్చేస్తుంది. మనవి గ్రానైట్ గుట్టలు, పగుళ్ల వెంట అరిగి గుండ్లయ్యాయి. విశాఖ కొండలు తూర్పు కనుమల ఖోండలైట్ రాయి. డాల్ఫిన్ నోస్ బండల కుప్ప కాదు. పైన పొదలతో నిండిన పొడవాటి వీపు, సముద్రం వైపు తెగిపడిన రాతి ముఖం. దాన్ని వాలు దిగే దిశలో పొట్టి గీతలతో, గీతకూ గీతకూ సుమారు 1.5 మి.మీ. ఎడంతో వేయండి. వీపు మీద పొదలకు చుక్కలు, చిన్న వంపులు చాలు. బండల గుండ్రటి అంచులు ఒక్కటి కూడా వద్దు.

కొండ చుట్టూ మొత్తం గీత గీసి లోపల నింపకండి. వెలుగు పడే వైపు అంచుని అక్కడక్కడా తెంపండి, నీడ వైపు హ్యాచింగ్ ఆగిన చోటే అంచు అవుతుంది. అడుగున, నీటికి ఆనుకున్న చోట గీతలు ఇంకా పలచబడాలి, సముద్రపు తేమ గాలికి కొండ మొదలు పైభాగంకన్నా లేతగానే కనిపిస్తుంది. మీ బొమ్మలో అడుగు ముదురుగా ఉన్నందుకే క్రేన్ల కాళ్లు దానిలో మునిగిపోయాయి.

రెండో పొర వేసేటప్పుడు క్రాస్ హ్యాచింగ్ గీతలు మొదటివాటిని 90 డిగ్రీల్లో కోస్తే దోమతెరలా కనిపిస్తుంది. 20 నుంచి 30 డిగ్రీల్లో కోయండి. మొదటి పొర పూర్తిగా ఆరేదాకా ఆగండి, తడి మీద తడి పడితే ప్రతి కూడలిలో చుక్క పేరుకుంటుంది. గీత మీ వైపుకు లాగేలా షీటునే తిప్పుకోండి, మణికట్టు తిప్పితే పది గీతల తర్వాత అన్నీ వంపు తిరుగుతాయి.

ఇప్పుడు క్రేన్లు. కంటైనర్ టెర్మినల్ క్రేన్ నిచ్చెనలా రావడానికి కారణం, దాన్ని ముందునుంచి చూసిన చట్రంలా గీయడం. నిజానికి అది నాలుగు కాళ్ల పెట్టె. సముద్రం వైపు రెండు కాళ్లు, నేల వైపు రెండు కాళ్లు. వాటి మీద అడ్డంగా పొడవాటి బూమ్ (చాచిన చెయ్యిలాంటి దూలం), దాని పైన ఇంగ్లిష్ ఏ అక్షరం ఆకారపు శిఖరం, ఆ శిఖరం నుంచి బూమ్‌ను పట్టి ఉంచే ఏటవాలు కడ్డీలు. ముందు నేల మీద ఆ నాలుగు కాళ్ల అడుగుల్ని చుక్కలతో గుర్తించండి, అది బొమ్మలో ఒక పక్కకు వాలిన పలకలా వస్తుంది. దాని మీద నిలువు గీతలు లేపండి. పనిలో ఉన్న క్రేన్ బూమ్ ఓడ మీదికి అడ్డంగా చాచి ఉంటుంది, ఖాళీగా ఉన్నదాని బూమ్ పైకి ఎత్తి ఉంటుంది. నీటి మీదికి చాచిన భాగం పొడవు చాలా క్రేన్లకు కాళ్ల ఎత్తుకన్నా ఎక్కువే. దాన్ని పొట్టిగా గీస్తే ఆటబొమ్మ క్రేన్ అయిపోతుంది. నాలుగు క్రేన్లు వరుసగా ఉంటే ఒకటి రెండింటి బూమ్ ఎత్తి, మిగతావి దించి వేస్తే వరుసకు ప్రాణం వస్తుంది.

దగ్గరి కాళ్లకే రెండు గీతల మందం ఇవ్వండి. వెనక కాళ్లు, అడ్డ కడ్డీలు, తాళ్లు ఒక్కొక్క 01 గీత. ప్రతి గొట్టానికీ రెండు వైపులా గీత పెడితే ఆ దూరంలో అంతా నలుపై మళ్లీ ముద్దే. కడ్డీలను కాకుండా వాటి మధ్య కనిపించే ఆకాశపు ముక్కల ఆకారాలను చూసి గీయండి. త్రిభుజం ఎంత సన్నగా ఉంది, నాలుగు పలకల సందు ఎటు వాలింది అని చూస్తే క్రేన్ దానంతటదే నిలబడుతుంది.

కొలతకు కంటైనరే స్కేలు. 40 అడుగుల కంటైనర్ పొడవు 12.2 మీ., వెడల్పు 2.44 మీ., ఎత్తు 2.59 మీ. అంటే పక్కనుంచి చూస్తే పొడవు ఎత్తుకు ఐదింతలకు కాస్త తక్కువ. ఐదు వరుసలు పేర్చితే 13 మీటర్లు, నాలుగంతస్తుల మేడంత. మీ బొమ్మలో అలాంటి కంటైనర్ గుట్ట పక్కన ఐదారంతస్తుల మేడ దానికన్నా పొట్టిగా ఉంటే ఎక్కడో పాళ్లు తప్పాయి. ఓడకు కూడా ఒక పరీక్ష ఉంది: సరుకు నిండిన ఓడ నీళ్లలో బాగా దిగి ఉంటుంది, ఖాళీది పైకి తేలి అడుగు రంగు పట్టీ వెడల్పుగా కనిపిస్తుంది. మెడ దాకా కంటైనర్లు పేర్చిన ఓడకు ఆ పట్టీ వెడల్పుగా గీస్తే తెలిసినవాళ్లు నవ్వుతారు.

మేడల్లో కిటికీలన్నీ గీయొద్దు. నీడ వైపు గోడకు కొన్ని వరుసలు, అవీ మధ్యలో తెంపుతూ. కంటి ఎత్తుకు పైనున్న కిటికీ వరుసలు దూరంగా వెళ్లేకొద్దీ క్షితిజం వైపు కిందికి వాలాలి. విశాఖ అని తెలిసేది మేడల తలల దగ్గర: నీళ్ల ట్యాంకులు, మెట్ల గదులు, సెల్ టవర్లు, సగం కట్టి వదిలేసిన పిల్లర్ల కడ్డీలు. వీటికి 5 నిమిషాలు ఎక్కువ ఇవ్వండి. పాత ఊరు, హార్బర్ వైపు పక్కపక్కనే ఉన్న మూడు కొండలు, వాటి మీద రాస్ హిల్ చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి మీ కోణంలో కనిపిస్తే వదలకండి. ఊరి ఆనవాలు అవే.

నీటి విషయంలో అందరూ చేసే తప్పు ఒకటుంది, డాల్ఫిన్ నోస్ కింద అద్దంలోలా ప్రతిబింబం పెట్టడం. బీచ్ ముందున్నది తెరిచిన సముద్రం, అలల మీద అలాంటి ప్రతిబింబం పడదు. అక్కడ అడ్డ గీతలే: క్షితిజం దగ్గర సన్నగా, పొట్టిగా, దట్టంగా. ముందుకు వచ్చేకొద్దీ ఎడంగా, లావుగా. అలల నురగ దగ్గర కాగితం వదిలేయండి. ప్రతిబింబం కావాలంటే ఫిషింగ్ హార్బర్ లోపలి నిలకడ నీళ్లు, లోపలి హార్బర్ తీసుకోండి. అక్కడ నల్లటి పడవ నీడ పడవకన్నా కొద్దిగా లేతగా, తెల్లటి పడవ నీడ పడవకన్నా కొద్దిగా ముదురుగా ఉంటుంది. కుడికి వాలిన స్తంభం నీళ్లలో కూడా కుడికే వాలుతుంది. చాలామంది దాన్ని ఎడమకు వాల్చేస్తారు. మీ వైపుకు వాలిన స్తంభం నీడ నీళ్లలో ఇంకా పొడుగ్గా కనిపిస్తుంది.

దీని అభ్యాసానికి విశాఖ దాకా వెళ్లక్కర్లేదు. గాలి లేవకముందు పొద్దున్నే నాగార్జునసాగర్ లాంచీ రేవు దగ్గర కూర్చుంటే లాంచీలు, వాటి నీడలు, వెనక కొండలు ఒకే చూపులో దొరుకుతాయి. మహబూబ్‌నగర్ వైపు వాళ్లకు కొల్లాపూర్ దగ్గర సోమశిల ఉంది. ఛాయల పొరల కోసమైతే నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్లో ఏదైనా మేడ ఎక్కితే చాలు, ఇళ్ల తలలు, వాటి వెనక గుట్టలు వరుసగా ఉంటాయి. ఏ5 పుస్తకంలో 005, 03 రెండే పెన్నులతో, పెన్సిల్ లేకుండా వేయండి.

వాష్ వేయాలనుకుంటే గీతలన్నీ అయ్యాక, కనీసం ఒక రాత్రి ఆరనిచ్చి వేయండి. గీతలు మొదలుపెట్టకముందే షీటును నీళ్లలో తడిపి, జిగురు పూత ఉన్న గోధుమరంగు కాగితం టేపుతో పలక మీద నాలుగు వైపులా అంటించి ఆరబెడితే వాష్‌కు ఉబ్బదు. లేత పొర కొండ నీడకు, మధ్య పొర ఓడ పక్కకు, ముదురు పొర ముందు పడవల కిందికి. ఒకసారి తాకిన చోట మళ్లీ బ్రష్ పెట్టి రుద్దకండి, మరక అంచు కడుతుంది. నా మాట అడిగితే రెండో బొమ్మకు వాష్ లేకుండా గీతలతోనే పోవడం మంచిది. వాష్ తప్పుల్ని దాచదు, బయటపెడుతుంది.

పెన్సిల్ గీతలు చెరిపేటప్పుడు కూడా అంతే తొందర వద్దు. రబ్బరుతో గట్టిగా రుద్దితే మైక్రాన్ నలుపు బూడిదలోకి దిగుతుంది. మెత్తగా పిసికే రబ్బరుతో అద్దుతూ తీయండి, నలుపు తగ్గిన చోట మళ్లీ ఒక గీత వేయండి. పొరపాటు గీతను 300 జీఎస్ఎమ్ మీద కొత్త బ్లేడు అంచుతో పలచగా గీకి తీయొచ్చు. ఆ చోటును చెంచా వెనక వైపుతో రుద్ది నున్న చేశాకే మళ్లీ ఇంకు పెట్టాలి, లేకపోతే పాకుతుంది. పెద్ద మచ్చ పడితే తెల్ల గ్వాష్ (కింది నలుపును కప్పేసే చిక్కటి నీటిరంగు) పూయొచ్చు గానీ ఆ తెలుపు కాగితం తెలుపుతో కలవదు, పక్కనుంచి వెలుగు పడితే కనిపిస్తుంది. నీటి భాగంలో పడ్డ మచ్చనైతే చిన్న పడవగా మార్చడం సులువు.

ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం నేరుగా బొమ్మకు తగలకుండా మధ్యలో మౌంట్ బోర్డు (బొమ్మ చుట్టూ వచ్చే మందపాటి అట్ట) వేయించండి. అద్దానికి అంటుకుంటే వానాకాలం తేమకు నిండు నలుపున్న చోట లక్క అతుక్కుని, విడదీసేటప్పుడు ఊడి వస్తుంది. చుట్టి గొట్టంలో పెట్టి ఫ్రేము షాపుకు తీసుకెళ్లొద్దు, బ్రష్‌తో మందంగా పూసిన నలుపు పగులుతుంది. రెండు అట్టల మధ్య చదునుగా పెట్టి తీసుకెళ్లండి.